సైన్యాధిపతి ఎవరు? నాలుగు ఆప్షన్లూ కరెక్టే

మా మేనల్లుడు గ్రూప్-2కు చదువుతున్నాడు. ఆదివారం పొద్దున ఉగ్గాని బజ్జీ ప్లేటు ఒళ్లో పెట్టుకుని ప్రాక్టీసు బిట్లు పైకి చదవడం వాడి అలవాటు. మొన్న ఒక బిట్టు దగ్గర ఆగిపోయాడు. ‘1971 యుద్ధంలో భారత సైన్యాధిపతి ఎవరు? ఎ) మానెక్‌షా, బి) జగ్జీత్ సింగ్ అరోరా, సి) వి.వి.గిరి, డి) ఇందిరా గాంధీ.’

కీలో ‘ఎ’ అని ఉంది. వాడికి అనుమానం వచ్చింది. లొంగుబాటు పత్రం మీద మన తరఫున సంతకం పెట్టింది అరోరా. రాజ్యాంగం ప్రకారం సర్వసైన్యాధ్యక్షుడు రాష్ట్రపతి, అంటే గిరి. యుద్ధం చేయాలని తేల్చింది ఇందిర. మరి మానెక్‌షా ఏం చేసినట్టు?

మా చిన్నాయన పక్కనే కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. సైన్యంలో సుబేదారుగా రిటైరై చాలా ఏళ్లయింది. 71లో కొత్తగా చేరిన సిపాయి, పంజాబ్ సరిహద్దులో ఉన్నాడు. “నాలుగూ కరెక్టే లేరా,” అన్నాడు గ్లాసు దించకుండానే. “ఏం అడుగుతాండాడో ఆ అడిగినోడికే తెల్దు.”

ఆ మాట మీద ముగ్గురం మధ్యాహ్నం దాకా మాట్లాడుకున్నాం. ఆ తర్వాత కూడా నాకు తెగలేదు. మనం చదివే యుద్ధాల చరిత్ర అంతా పేర్లతోనే నడుస్తుంది. ఫలానా సేనాని గెలిచాడు, ఫలానా సేనాని ఓడాడు అని. ఆ సేనాని చేతిలో నిజంగా ఏముంది, ఏది లేదు అన్నది మాత్రం పుస్తకంలో ఉండదు.

మహాభారతమే తీసుకోండి. పాండవుల సేనాపతి ఎవరని అడిగితే చాలామంది అర్జునుడనో భీముడనో అనేస్తారు. కాదు, ధృష్టద్యుమ్నుడు. పద్దెనిమిది రోజులూ ఆయనే. రాజ్యం ధర్మరాజుది, ఎత్తు కృష్ణుడిది, బాణం అర్జునుడిది. పదవి ఉన్నవాడి పేరు మనకు గుర్తే రాదు. కౌరవుల వైపు పేర్లయితే అందరికీ నోటికొచ్చు. భీష్ముడు పది రోజులు, ద్రోణుడు ఐదు, కర్ణుడు రెండు, శల్యుడు ఒక పూట. అక్కడ ఇంకో చిక్కు. భీష్ముడు సేనాపతిగా ఉన్నంతకాలం తాను ఆయుధం పట్టనని కర్ణుడు పది రోజులు పక్కకు తప్పుకున్నాడు. ఇద్దరు మొనగాళ్లు ఒకే సైన్యంలో ఉంటే ఎవరి మాట ఎవరు వినాలనే తగాదా అంత పాతది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సేనాని ఐసెన్‌హోవర్‌కు బ్రిటిష్ సేనాని మాంట్‌గొమరీతో వచ్చిన తలనొప్పి దీనికి దగ్గరి చుట్టమే.

మేనల్లుడి బిట్టులో నిజానికి నాలుగు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి. సైన్యం ఎవరి పేరు మీద ఉంది? యుద్ధం చేయాలని ఎవరు తేల్చారు? ఎంత బలగం, ఎప్పుడు, ఎటు పోవాలన్న లెక్క ఎవరిది? పోయినవాళ్లను అక్కడ నిలబడి నడిపింది ఎవరు? మా పల్లెల్లో పొలం పట్టా తాత పేరు మీద ఉంటుంది. ఈ ఏడు శెనక్కాయ వేయాలా, ఆముదం వేయాలా అన్నది నాన్న చెబుతాడు. విత్తనం, ఎరువు, కూలీల లెక్క పెద్దన్నది. మడక పట్టేది ఇంకొకడు. ‘ఈ చేను ఎవరిది’ అని దారినపోయేవాడు అడిగితే నలుగురూ ‘మాదే’ అంటారు, నలుగురూ నిజమే చెబుతారు.

పట్టా సంగతి తొందరగా తేల్చేద్దాం. రాజ్యాంగంలోని 53వ అధికరణం రక్షణ దళాల సర్వోన్నత ఆధిపత్యాన్ని రాష్ట్రపతికి ఇస్తూనే, దాన్ని ఎలా వాడాలో చట్టం చెబుతుందని అదే వాక్యంలో ముడి వేసింది. రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మీదే నడుచుకోవాలి కాబట్టి ఆ అధికారం చివరికి ప్రధాని, మంత్రుల దగ్గరికే చేరుతుంది. 71లో ఆ పట్టా గిరి పేరు మీద ఉంది. 1973 జనవరిలో మానెక్‌షాకు ఫీల్డ్ మార్షల్ హోదా ఇచ్చింది ఆయనే. యుద్ధం కథలో ఆయన పేరు ఎవరూ ఎత్తరు, ఎత్తాల్సిన పని కూడా లేదు. మన అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి కూడా 1977 నుంచి 1982 దాకా అయిదేళ్లు ఈ దేశానికి సర్వసైన్యాధ్యక్షుడే. ఈ మాట చెప్పగానే మేనల్లుడు వెంటనే నోట్సులో రాసుకున్నాడు, బిట్టుగా రావచ్చని.

ఈ పేరుకు, పనికి మధ్య దూరం అనుకోకుండా వచ్చింది కాదు, కావాలని పెట్టుకున్నది. బ్రిటిష్ వాళ్ల కాలంలో కమాండర్ ఇన్ చీఫ్ అంటే వైస్రాయ్ తర్వాత అంతటివాడు. స్వతంత్రం వచ్చాక 1949 జనవరి 15న కరియప్ప ఆ కుర్చీలో కూర్చున్న తొలి భారతీయుడు. 1955లో చట్టం చేసి ఆ బిరుదునే ఎత్తేశారు. అప్పటి నుంచి మూడు దళాల పెద్దలూ ‘చీఫ్ ఆఫ్ స్టాఫ్’లే. పొరుగున పాకిస్తాన్‌లో కమాండర్ ఇన్ చీఫ్ బిరుదు 1972 దాకా ఉంది. ఆ దేశంలో సైనికాధికారులు ఎన్నిసార్లు గద్దెనెక్కారో చూస్తే, మనవాళ్లు బిరుదు విషయంలో అంత జాగ్రత్త ఎందుకు పడ్డారో అర్థమవుతుంది. ఒక్క బిరుదు వల్లే అంతా జరిగిందని నేననను. దాని వెనకున్న ఆలోచన మాత్రం చిన్నది కాదు.

బిరుదు ఉండి అధికారం లేకపోతే ఎలా ఉంటుందో చూడాలంటే 1947కు వెళ్లాలి. ఆగస్టు 15 తర్వాత ఫీల్డ్ మార్షల్ ఆకిన్‌లెక్‌ను రెండు దేశాలకూ కలిపి ‘సుప్రీం కమాండర్’ అన్నారు. వినడానికి అంతకంటే పెద్ద పదవి లేదు. ఆయన పనల్లా పాత సైన్యాన్ని రెండుగా పంచడమే. ఫిరంగులు, లారీలు, ఫైళ్ల పంపకం. యుద్ధం నడిపించే అధికారం ఏ వైపూ లేదు. అయినా అక్టోబర్ చివర్లో, కశ్మీర్‌లోకి సైన్యాన్ని పంపమని జిన్నా ఆదేశిస్తే, పాకిస్తాన్ సైన్యాన్ని తాత్కాలికంగా చూస్తున్న జనరల్ గ్రేసీ ఆకిన్‌లెక్‌ను అడగనిదే కదలనన్నాడు. ఆకిన్‌లెక్ విమానమెక్కి లాహోర్ వెళ్లాడు. ఆదేశం వెనక్కు తీసుకోకపోతే పాకిస్తాన్ సైన్యంలోని బ్రిటిష్ అధికారులందరినీ తప్పిస్తానన్నాడు. జిన్నా వెనక్కి తగ్గాడు. చేతిలో ఒక్క పటాలం లేని మనిషి ‘కుదరదు’ అనగలిగాడు, ఆ మాట చెల్లింది. ఆ నవంబర్ ఆఖరుకు ఆయన ఆఫీసే మూసేశారు.

ఈ ‘కుదరదు’ అనే మాట ఎవరు అనగలరు, అంటే ఎవరు వింటారు అన్నదే సైన్యాధిపత్యంలో అసలు ముడి అని నాకు నెమ్మదిగా అర్థమైంది. మిగతాది డ్రెస్సు మీది బిళ్లలే.

71కే వద్దాం. మానెక్‌షా ఆర్మీ చీఫ్, ఉండేది ఢిల్లీలో. ఆ ఏప్రిల్లో తూర్పు పాకిస్తాన్ నుంచి శరణార్థులు లక్షల్లో వచ్చిపడుతుంటే, సైన్యాన్ని పంపుతారా అని ఇందిర అడిగిందనీ, వానలు మొదలైతే అక్కడి నదులు సముద్రాలవుతాయి, నాకు టైమ్ కావాలి, కాదంటే రాజీనామా తీసుకోండి అని తానన్నాననీ మానెక్‌షా తర్వాత చాలా సభల్లో చెప్పాడు. ఆయన మంచి కథకుడు. అప్పటికే ప్రభుత్వం కూడా తొందరపడకూడదనే ఆలోచనలో ఉందనీ, కథకు కాస్త రంగు పడిందనీ కొందరు చరిత్రకారులంటారు. రంగు ఎంతైనా కానీ, యుద్ధం మొదలైంది డిసెంబర్ 3న. మధ్యలో దొరికిన నెలల్లో త్రిపుర దాకా సరుకు చేర్చారు. హిమాలయ కనుమలు మంచుతో మూసుకునే కాలం వచ్చింది, చైనా వైపు భయం తగ్గింది. చీఫ్ అనేవాడి పని ఇదే. యుద్ధం ఏ రోజు మొదలైతే మనకు లాభమో లెక్క కట్టడం, ఆ లెక్క నచ్చనివాళ్ల ముందు దాన్ని నిలబెట్టడం.

ఆయన నౌకాదళానికి, వాయుసేనకు పైవాడు కాడు. అడ్మిరల్ నందా, ఎయిర్ చీఫ్ మార్షల్ లాల్ ఆయనతో సమానమైన చీఫ్‌లే. డిసెంబర్ 4 రాత్రి కరాచీ రేవు మీద క్షిపణి పడవలు దాడి చేయడం నౌకాదళం ఎత్తు. ముగ్గురూ ఒక కమిటీగా కూర్చునేవాళ్లు, మానెక్‌షా దానికి అధ్యక్షుడు. ముగ్గురి మీదా ఒకే సైనిక పెద్ద అప్పుడు లేడు.

కిందికి దిగితే అరోరా. కలకత్తా ఫోర్ట్ విలియంలో తూర్పు కమాండ్ అధిపతి. లొంగుబాటు పత్రంలో ఆయన హోదా ‘తూర్పు రంగంలో భారత, బంగ్లాదేశ్ దళాల’ కమాండర్ అని ఉంటుంది. బంగ్లాదేశ్ విమోచన సేన ముక్తివాహిని కూడా ఆయన కింద కలిసిందన్నమాట. తొలి ఆదేశాల్లో ఢాకా పేరే స్పష్టంగా లేదని అరోరా దగ్గర చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా ఉన్న జాకబ్ తర్వాత చెప్పాడు. ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. ఇంకా కిందికి దిగితే ఆ తగాదాతో పని లేకుండా తేల్చేసిన మనిషి కనిపిస్తాడు. 4వ కోర్ కమాండర్ సగత్ సింగ్. కోర్ అంటే కొన్ని డివిజన్లు కలిసిన బలగం. మేఘనా నది దగ్గర ఆశుగంజ్ వంతెనను పాకిస్తాన్ సైన్యం డిసెంబర్ 9న పేల్చేసింది. అవతలి గట్టు కనిపించీ కనిపించనంత నది. ఇంకొకరైతే అక్కడ గుడారాలు వేసి, కలకత్తాకు సందేశం పంపి, వంతెన సామాను కోసం ఎదురుచూసేవాళ్లు. సగత్ సింగ్ దగ్గర పాత ఎం.ఐ-4 హెలికాప్టర్లు కొన్ని ఉన్నాయి. గ్రూప్ కెప్టెన్ చందన్ సింగ్‌తో కలిసి వాటిలో సైనికులను నింపి, రాత్రీ పగలూ చక్కర్లు కొట్టించి అవతలి గట్టున దించాడు. నది దాటితే ఢాకాకు దారి తెరుచుకున్నట్టే. 16న తూర్పు పాకిస్తాన్‌లోని పాక్ సైన్యం పెద్ద నియాజీ లొంగుబాటు మీద సంతకం పెట్టాడు. దాదాపు 93,000 మంది బందీలయ్యారు.

“ఇప్పుడు చెప్పు, ఢాకా ఎవరు గెల్చినారు?” అని చిన్నాయన మేనల్లుణ్ని అడిగాడు. వాడు ప్లేటు పక్కన పెట్టేసి తల గోక్కున్నాడు.

ఎదుటి పక్షంలో ఇలాంటి చిక్కే లేదు. యాహ్యా ఖాన్ దేశాధ్యక్షుడు, సైన్యానికి కమాండర్ ఇన్ చీఫ్, మార్షల్ లా పెద్ద కూడా. అన్ని టోపీలూ ఒకే నెత్తిన. యుద్ధం వద్దని గానీ, ఇలా కాదని గానీ ఆయనకు చెప్పే కుర్చీయే ఆ దేశంలో మిగల్లేదు.

అదే 4వ కోర్ గురించి ఇంకో మాట చెప్పాలి. ఇది చాలామందికి తెలియదు. ఆ కోర్ పుట్టింది 1962 అక్టోబర్లో, చైనాతో గొడవ ముదురుతున్నప్పుడు. అప్పటిదాకా ఈశాన్య సరిహద్దు 33వ కోర్ అధిపతి ఉమ్రావ్ సింగ్ చూసేవాడు. థాగ్లా కొండ మీది నుంచి చైనా సైన్యాన్ని తరిమేయమని పైనుంచి ఒత్తిడి వస్తే, అంత ఎత్తుకు రేషన్, తూటాలు, చలిబట్టలు చేర్చకుండా అది అయ్యే పని కాదని ఆయన లెక్కలతో సహా చెప్పాడు. ఆయన్ను తీసేయలేదు, బుజ్జగించనూ లేదు. కొత్తగా 4వ కోర్ అని ఒకటి పెట్టి ఆ ప్రాంతాన్ని దానికి అప్పగించి, బి.ఎం.కౌల్‌ను పంపారు. కౌల్ ఢిల్లీ పెద్దలకు దగ్గరివాడు, యుద్ధంలో పెద్ద బలగాన్ని నడిపిన అనుభవం లేనివాడు. కొద్ది రోజులకే కొండల్లో ఆయనకు ఒంట్లో బాగాలేక ఢిల్లీకి చేర్చారు. ఇంట్లో మంచం మీద పడుకునే కోర్‌ను నడిపించాడు. నామ్‌కా చూ వాగు ఒడ్డున చలిబట్టలు కూడా సరిగా లేని బ్రిగేడ్ మీద అక్టోబర్ 20న దాడి జరిగింది. రెండు రోజులకు బ్రిగేడియర్ దాల్వీ బందీ అయ్యాడు.

కోర్ అదే, దేశం అదే. తేడా తొమ్మిదేళ్లు. ఒకచోట కుదరదన్నవాణ్ని చుట్టుతిరిగి పక్కకు నెట్టారు, మరోచోట ఇప్పుడే కాదన్నవాడికి టైమ్ ఇచ్చారు. 62 ఓటమికి ఆయుధాలు, రోడ్లు, దౌత్యం లాంటి కారణాలు ఇంకా చాలా ఉన్నాయి, కాదనను. కానీ ఆయుధాలు తక్కువని చెప్పిన మనిషి మాట ఎక్కడికి పోయింది అనే ప్రశ్న మిగతా కారణాలన్నిటి కంటే ముందు వస్తుంది.

అనంతపురం నుంచి బెంగళూరు హైవే మీద వెళ్లేవాళ్లు పెనుకొండ కొండను చూడకుండా పోలేరు. నాలుగైదు వందల ఏళ్ల కిందట ఒక సామ్రాజ్యం తన రాజధాని పోగొట్టుకుని వచ్చి తలదాచుకున్న చోటు అది. ఎందుకొచ్చిందంటే, ఒక ముసలాయన యుద్ధభూమిలో పట్టుబడ్డాడు కాబట్టి.

అళియ రామరాయలు రాజు కాడు. రాజు సదాశివరాయలు. తళ్లికోట యుద్ధం అయిన రెండేళ్లకు విజయనగరం చూసిన వెనిస్ వర్తకుడు ఫెదెరిచి, ఆ రాజును ఏడాదికొకసారి జనానికి చూపించేవాళ్లని రాసుకున్నాడు. పట్టా ఆయన పేరు మీద, తక్కినదంతా రామరాయలు, ఆయన ఇద్దరు తమ్ముళ్ల చేతిలో. సుల్తానులతో పొత్తులు కట్టింది, తెంచింది రామరాయలే. ఒకరి మీదికి ఒకరిని ఎగదోస్తూ ఇరవై ఏళ్లు నెట్టుకొచ్చాడు. మన తెలుగు కవులు మల్కిభరాముడని పొగిడిన గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా రాజు కాకముందు ఏడేళ్లు విజయనగరంలో ఈయన నీడనే బతికాడు. చివరికి ఆ ఇబ్రహీం కూడా అవతలి పక్షానికే పోయాడు. అహ్మద్‌నగర్ సుల్తాన్ కూతురు చాంద్‌బీబీని బిజాపూర్ సుల్తాన్‌కు ఇచ్చి, షోలాపూర్ కోటను కట్నంగా కలిపి, పాత పగలను పెళ్లితో సర్దుకున్నారు. ఇది కూడా యుద్ధంలో భాగమే. పొత్తు ముందు గట్టిగా తేల్చుకోకుండా ఆ సైన్యాలు కృష్ణ దాటలేదు.

1565 జనవరిలో యుద్ధం. రామరాయల వయసు ఎనభై అని కొందరు, తొంభై దాటిందని కొందరు. మధ్య బలగాన్ని నడిపింది ఆయనే. అటూ ఇటూ తమ్ముళ్లు తిరుమల, వెంకటాద్రి. పారశీక చరిత్రకారుడు ఫెరిష్తా చెప్పిన కథ ప్రకారం ముందు పల్లకిలో ఉన్నాడు. గుర్రమెక్కమని బతిమాలితే ఒప్పుకోలేదు. తర్వాత సింహాసనం వేయించుకుని, పక్కన డబ్బు కుప్పలు పోయించి, బాగా పోరాడినవాళ్లకు పంచబోయాడు. మళ్లీ పల్లకి ఎక్కేసరికి అహ్మద్‌నగర్ వాళ్ల ఏనుగు ఒకటి మీదికి వచ్చింది. మోసేవాళ్లు పల్లకి వదిలేసి పారిపోయారు. పట్టుకుపోయి తల నరికారు, ఈటెకు గుచ్చి ఎత్తి చూపించారు. అంతే, అంత సైన్యమూ విరిగి పారిపోయింది. కొందరు సరదార్లు మధ్యలో పక్షం మార్చారని ఫెదెరిచి రాశాడు. ఎంతవరకు నిజమో దాని మీద ఇప్పటికీ వాదనలే. వెంకటాద్రి చనిపోయాడు. తిరుమల రాజధానికి వచ్చి, ఖజానాను ఏనుగులకెత్తించి, సదాశివరాయలను వెంటబెట్టుకుని పెనుకొండ చేరాడు.

రామరాయలు పిరికివాడు కాదు, తెలివితక్కువవాడు అంతకంటే కాదు. కానీ యుద్ధం తెచ్చింది ఆయనే, లెక్క కట్టింది ఆయనే, నడిపింది కూడా ఆయనే. బాణం అందేంత దూరంలో ఆయన కూర్చున్నప్పుడు ఆ మూడు పనులూ ఆయనతోపాటు ఆ పల్లకిలోనే ఉన్నాయి. ‘అయ్యా, మీరు ఇక్కడ ఉండకూడదు’ అని చెప్పారు, ఆయన వినలేదు. వినాల్సిన అవసరం ఆయనకు లేకపోయింది.

ఇలాంటి పొత్తు సమస్యే యూరప్‌లో 1914లో, మొదటి ప్రపంచ యుద్ధంలో వచ్చింది, తేల్చుకోవడానికి మూడున్నరేళ్లు పట్టింది. ఫ్రాన్స్ సైన్యం ఒకటి, బ్రిటన్ సైన్యం ఒకటి, రెండూ ఒకే కందకాల వరసలో. ఎవరి కమాండర్ వాళ్లకే. 1918 మార్చి 21న జర్మనీ పెద్ద దెబ్బ కొట్టేసరికి లోపం బయటపడింది. ఫ్రెంచ్ కమాండర్ పెతాన్ చూపు పారిస్ మీద ఉంది, బ్రిటిష్ కమాండర్ హేగ్ చూపు తన ఓడలు వచ్చే రేవుల మీద. ఇద్దరూ తలో దిక్కుకు జరిగితే మధ్యలో ఆమియాఁ దగ్గర పెద్ద కంత పడుతుంది. 26న దూలాఁ అనే చిన్న ఊరి టౌన్ హాల్లో కూర్చుని, రెండు సైన్యాలనూ కలిపి చూసే పని ఫ్రెంచ్ జనరల్ ఫోష్‌కు ఇచ్చారు. ముందు రాసిన కాగితంలో ఆమియాఁ చుట్టుపక్కలే అని ఉంటే, అది చాలదు, మొత్తం రంగం ఆయనకివ్వమని చెప్పినవాడు హేగే. తనమీద ఇంకొకణ్ని పెట్టమని ఒక సేనాని తానే అడిగాడు. ఓడిపోతామన్న భయం అంత పని చేయించింది.

ఫోష్‌కు ఇచ్చిన అధికారం కూడా గమనించాలి. ఏ దేశపు సేనాని అయినా, ఫోష్ మాట తన సైన్యాన్ని ముంచుతుందనుకుంటే సొంత ప్రభుత్వానికి చెప్పుకోవచ్చు. ఆ కిటికీ తెరిచి ఉంచబట్టే అందరూ ఒప్పుకున్నారు.

ఐసెన్‌హోవర్ నాకు ఇష్టమైన ఉదాహరణ. 1942కు ముందు యుద్ధంలో ఒక పటాలాన్ని కూడా నడపని మనిషి. 1944లో జర్మనీ చేతిలో ఉన్న ఫ్రాన్స్ తీరం మీద మిత్రదేశాలు చేసిన నార్మండీ దాడికి సుప్రీం కమాండర్. కింద డిప్యూటీ టెడ్డర్, నేల మీద మాంట్‌గొమరీ, నౌకలకు రామ్సే, విమానాలకు లీ-మల్లరీ. నలుగురూ బ్రిటిష్ వాళ్లే. ముందే ఒక తగాదా వచ్చింది. ఫ్రాన్స్‌లో రైలు మార్గాల మీద బాంబులు వేయాలని ఐసెన్‌హోవర్ అంటే, పెద్ద బాంబర్ విమానాల అధిపతులు జర్మనీని వదిలి రామన్నారు. ఆ విమానాలు నా మాట వినకపోతే ఈ పదవి నాకొద్దని ఆయన తెగేసి చెప్పాడు. దాడికి కొన్ని వారాల ముందు అవి ఆయన కిందికి వచ్చాయి.

జూన్ 5న దాడి అనుకున్నారు. తుపాను గాలి. 4న తెల్లవారుజామున వాయిదా వేశారు. ఆ రాత్రి పోర్ట్స్‌మత్ దగ్గర సౌత్‌విక్ హౌస్‌లో వాతావరణ నిపుణుడు స్టాగ్ వచ్చి, 6న కొన్ని గంటలు గాలి తగ్గొచ్చన్నాడు. పారాచూట్ దళాలు చచ్చిపోతాయని లీ-మల్లరీ అంతకు ముందే ఉత్తరం రాసి ఇచ్చాడు. సిగరెట్టు మీద సిగరెట్టు కాల్చే ఐసెన్‌హోవర్ అందరి మాటా విని, 5న తెల్లవారుజామున సరేనన్నాడు. ఆ తర్వాత ఆయన చేతిలో పనేమీ లేదు. ఓడలు బయల్దేరాయి. ఆ రోజే ఒక చిన్న కాగితం మీద, దాడి విఫలమైందనీ, సైనికులు చేయగలిగిందంతా చేశారనీ, తప్పు ఏదైనా ఉంటే అది తనొక్కడిదేననీ రాసుకుని పర్సులో పెట్టుకున్నాడు. కింద తేదీ జూన్ బదులు జులై 5 అని వేశాడు. టెన్షన్ అంటే అదీ.

అదే ఉదయం అవతలి ఒడ్డున చూడండి. తీరం కాపలా చూస్తున్న జర్మన్ సేనాని రోమెల్, భార్య పుట్టినరోజని జర్మనీలో ఇంటికి వెళ్లాడు, ఈ గాలిలో ఎవరూ రారని. ట్యాంకు డివిజన్లలో కొన్ని ఆయన కింద, కొన్ని నేరుగా హిట్లర్ అనుమతితోనే కదిలేవి. ట్యాంకులు తీరం దగ్గరే ఉండాలని రోమెల్, వెనక ఉంచి గుంపుగా కొట్టాలని ఇంకో సేనాని వాదించుకుంటే, హిట్లర్ ఇద్దరికీ సగం సగం పంచి, తాళం మాత్రం తన దగ్గర పెట్టుకున్నాడు. పడమటి రంగం పెద్ద రున్‌స్టెట్ తెల్లవారుజామునే ట్యాంకులు అడిగాడు. హిట్లర్ నిద్రపోతున్నాడు, లేపే ధైర్యం ఎవరికీ లేదు. అనుమతి వచ్చేసరికి సాయంత్రం నాలుగు కావొచ్చింది. 1941 డిసెంబర్ నుంచి సైన్యానికి కమాండర్ ఇన్ చీఫ్ పదవి కూడా తన మీదే వేసుకున్న మనిషి ఆయన. యాహ్యా లాగా, రామరాయల లాగా. వీళ్లు ముగ్గురూ ఒకేరకం మనుషులని కాదు. కుర్చీల అమరిక ఒకటే.

దీనికి వ్యతిరేకమైన తప్పు కూడా ఉంది, పైన ఎవరూ లేకపోవడం. పసిఫిక్‌లో అమెరికా వాళ్లు యుద్ధరంగాన్ని జనరల్ మెకార్థర్‌కు సగం, అడ్మిరల్ నిమిట్జ్‌కు సగం పంచారు. 1944 అక్టోబర్లో ఫిలిప్పీన్స్‌లోని లేటీ దగ్గర ఇద్దరు నౌకాదళ అధిపతులు, హాల్సీ నిమిట్జ్ మనిషి, కింకెయిడ్ మెకార్థర్ మనిషి. జపాన్ ఎర వేసిన ఓడల వెంట హాల్సీ ఉత్తరానికి పోయాడు. జలసంధికి కాపలా ఆయన ఉంచే ఉంటాడని కింకెయిడ్ అనుకున్నాడు. ఎవరూ లేరు. పెద్ద యుద్ధనౌకలతో జపాన్ దళం ఆ సందులోంచి నేరుగా వచ్చేసింది. చిన్న ఓడలవాళ్ల తెగింపు, జపాన్ కమాండర్ వెనుదిరగడం వల్ల గట్టెక్కారు.

ఇప్పుడు మన దగ్గర చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ ఉన్నాడు. 2019 ఆగస్టు 15న ప్రకటించారు, 2020 జనవరి 1న బిపిన్ రావత్ తొలి సీడీఎస్‌గా బాధ్యత తీసుకున్నాడు. మూడు దళాలకూ పెద్దన్న అని మేనల్లుడి గైడులో ఉంది. నిజానికి అప్పట్లో సీడీఎస్ పదవితోపాటు యుద్ధంలో దళాలను ఆదేశించే అధికారం ఇవ్వలేదు. మూడు దళాలనూ ప్రాంతాలవారీగా ఒక్కో కమాండర్ కింద కలపాలనే ఆలోచన మీద ఏళ్లుగా చర్చ నడిచింది. వాయుసేన వాదన వింటే 1944లో ఐసెన్‌హోవర్ బాంబర్ల తగాదా గుర్తొస్తుంది. విమానాలు కొన్నే, వాటిని ముక్కలు చేసి తలా ఒక కమాండర్‌కు పంచితే రేపు అవసరమైన చోట చాలవని. పైన ఒకడు లేకపోతే ఎలా అనే ఆర్మీ వాదన వింటే లేటీ గుర్తొస్తుంది.

మేనల్లుడు చివరికి ‘ఎ’ దగ్గరే టిక్కు పెట్టుకున్నాడు. పరీక్షలో మార్కు కావాలి కదా. పెట్టి, “తాతా, మీకు 71లో కమాండర్ ఎవరు?” అని అడిగాడు.

“మా కంపెనీ సాబ్,” అన్నాడు చిన్నాయన. “మానెక్‌షా పేరు రేడియోలో ఇనడమే.”

ఢాకా లొంగిపోయింది 16న. పడమట మాత్రం కాల్పుల విరమణ 17 రాత్రి ఎనిమిదికి. ఆ ఒక్క రోజు చాలా పొడుగ్గా ఉన్నిందట. యుద్ధం అయిపోయిందని ట్రాన్సిస్టర్ చెబుతోంది, అవతలి నుంచి గుండ్లు మాత్రం ఆగలేదు. ఢిల్లీలో ఇందిర చెప్పిన మాట చీఫ్‌కు, అక్కడి నుంచి పడమటి కమాండ్‌కు, కోర్‌కు, డివిజన్‌కు, బ్రిగేడ్‌కు, పటాలానికి దిగి, వాళ్ల బంకర్లోని ఫీల్డ్ టెలిఫోన్ దాకా రావాలి. అది వచ్చేదాకా రైఫిల్ కింద పెట్టడానికి లేదు.

“ఎనిమిదికి ముందే మోగింది. హవల్దారు ఎత్తినాడు. ‘జీ సాబ్, జీ సాబ్’ అని రెండుసార్లు అన్నాడు. పెట్టేసి మా పక్క తిరిగి ‘బస్’ అన్నాడు. అంతే. ఆ పొద్దు రొట్టెలు కూడా ఎవరూ తినలే, అట్లే పడుకున్నాం.”